పదహారు సీట్ల బండి: దక్షిణాఫ్రికా టాక్సీల చరిత్ర మనకు చెప్పేది

మా ప్రాంతంలో సంత రోజు తెల్లవారక ముందే జీపు హారన్ వినిపిస్తుంది. పసుపు బస్తాలు, చింతపండు బుట్టలు, కోళ్లు, పిల్లలు, ముసలివాళ్లు అందరూ దాని మీదే. లోపల పన్నెండు మంది, వెనుక కమ్మీ పట్టుకుని ఐదుగురు, టాప్ మీద సామానుతో పాటు మరికొందరు. ఇది ప్రమాదమని మాకు తెలియదా? తెలుసు. అయినా ఎక్కుతాం. ఆ జీపు తప్పితే మరొకటి లేదు కనుక ఎక్కుతాం.

కొన్నేళ్ల క్రితం సంక్రాంతి సెలవులకు మా ఆశ్రమ పాఠశాల పిల్లలు ఇళ్లకు వెళుతుండగా ఘాట్ మలుపులో ఒక జీపు బోల్తా పడింది. ప్రాణాలు పోలేదు. కానీ ఐదో తరగతి చదివే ఒక పాప కాలు విరిగింది. ఇప్పటికీ ఆమె కుంటుతూనే నడుస్తుంది. ఆ జీపు నడిపింది పరాయివాడు కాదు, మా మేనమామ కొడుకే. "బ్రేకులు బాగోలేవని నాకు తెలుసు మాస్టారూ. బాగుచేయిస్తే బండి వారం రోజులు ఆగిపోతుంది. బండి ఆగితే వాయిదా ఎవరు కడతారు?" అని అడిగాడు. వరసకు బావనైనా ఆ రోజు అతను మమ్మల్ని మాస్టారూ అనే పిలిచాడు. బడి పిల్లల ముఖం చూడలేక తలదించుకున్నాడు.

జీపును స్టేషన్‌కు తీసుకుపోయారు. న్యాయమే. అయితే మూడు నెలల పాటు మా నాలుగు ఊళ్లకు ఏ బండీ రాలేదు. ఆ మూడు నెలల్లో ఒక బాలింతను, ఒక జ్వరం మనిషిని డోలీ కట్టి మోసుకుపోయాం. చెడ్డ బండిని తీసివేస్తే దాని స్థానంలో మంచి బండి దానంతట అదే రాదు. డోలీ వస్తుంది. ఈ సంగతి మాకు ఆ మూడు నెలలే నేర్పాయి.

మరి చెడ్డ బండి పోయి మంచి బండి రావాలంటే ఏం చేయాలి? ఎవరు ఖర్చు పెట్టాలి? ఈ ప్రశ్నతో వెతుకుతుంటే దక్షిణాఫ్రికా చరిత్ర కనిపించింది. ఆ దేశంలో పేదల బండి పదహారు సీట్ల మినీబస్సు. దాన్ని అక్కడ టాక్సీ అంటారు. పాత టాక్సీని తుక్కుకు ఇచ్చి కొత్తది కొనుక్కోమని అక్కడి ప్రభుత్వం యజమానులకు డబ్బు ఇచ్చింది. ఆ కథలో మన యువతకూ, తోటి ఉపాధ్యాయులకూ ఉపయోగపడే పాఠాలు ఉన్నాయి. అందుకే ఈ వ్యాసం.

దూరం ఎలా పుట్టింది

టాక్సీ కథ టాక్సీతో మొదలు కాదు, భూమితో మొదలవుతుంది. 1913లో దక్షిణాఫ్రికాలో ఒక భూమి చట్టం వచ్చింది. దేశ జనాభాలో అత్యధికులైన నల్లజాతి వారికి మొత్తం భూమిలో సుమారు 7 శాతం మాత్రమే కేటాయించారు. 1936లో దాన్ని 13 శాతం వరకు పెంచారు. మిగిలిన భూమిలో వారు కూలీలుగా ఉండవచ్చు, యజమానులుగా ఉండకూడదు. 1948లో అపార్తీడ్, అంటే జాతి వేర్పాటు విధానం ప్రభుత్వ సిద్ధాంతమైంది. 1950లో ఏ జాతివారు ఏ పేటలో నివసించాలో నిర్ణయించే చట్టం తెచ్చారు. 1955 ఫిబ్రవరిలో జొహానెస్‌బర్గ్ పక్కనున్న సోఫియాటౌన్ నుండి నల్లవారిని ఖాళీ చేయించి, లారీల్లో ఎక్కించి దూరంగా ఉన్న మెడోలాండ్స్‌కు తరలించారు. అది తరువాత సోవెటోలో భాగమైంది.

పని మాత్రం నగరంలోనే ఉంది. గనులు, ఫ్యాక్టరీలు, దొరల వంటగదులు అన్నీ అక్కడే. మనిషి శ్రమ నగరానికి కావాలి, మనిషి మాత్రం అక్కడ ఉండకూడదు. అందుకే ఆ దేశంలో దూరం అనేది ప్రకృతి ఇచ్చినది కాదు, చట్టం చేసి పెట్టినది. క్వాన్‌డెబెలె అనే ప్రాంతం నుండి ప్రిటోరియాకు పనికి వెళ్లేవారు అర్ధరాత్రి దాటాక రెండు మూడు గంటలకే బస్సు ఎక్కేవారు. ఫోటోగ్రాఫర్ డేవిడ్ గోల్డ్‌బ్లాట్ ఆ బస్సుల్లో ప్రయాణించి, నిలబడే నిద్రపోతున్న కూలీల ఫోటోలు తీశాడు. 1989లో అవి పుస్తకంగా వచ్చాయి.

మన కొండల్లో దూరం వేరే రకం. మనల్ని ఎవరూ లారీల్లో ఎక్కించి ఇక్కడ దించలేదు. ఇది మన తాతల నేల. కానీ రోడ్డు చరిత్ర మనకూ ఉంది. 1922లో గూడెం కొండల్లో తిరుగుబాటు రగలడానికి అడవి ఆంక్షలతో పాటు రోడ్డు పనికి మనవాళ్లను బలవంతంగా దింపి, సరైన కూలి ఇవ్వకపోవడమూ ఒక కారణం. రోడ్డు వేసింది మన చేతులతో. ఎవరి కోసమన్న ప్రశ్న అప్పుడే పుట్టింది.

ఎక్కం అన్న జనం

నల్లవారి పేటల నుండి నగరానికి రైళ్లు, కంపెనీ బస్సులు నడిచేవి. ఛార్జీ పెరిగినప్పుడల్లా గొడవే. 1943లో అలెగ్జాండ్రా పేట ప్రజలు ఛార్జీ పెంపునకు వ్యతిరేకంగా బస్సులు మానేసి నడిచారు. ఆ నడకలో పాతికేళ్ల నెల్సన్ మండేలా కూడా ఉన్నాడు. 1957 జనవరిలో ఛార్జీని నాలుగు పెన్నీల నుండి అయిదుకు పెంచితే అదే పేట మళ్లీ నడిచింది. నగరానికి సుమారు తొమ్మిది మైళ్లు. పొద్దున తొమ్మిది, సాయంత్రం తొమ్మిది. మూడు నెలలు సాగిన ఆ ఉద్యమ నినాదం "అజిక్వెల్వా". ఎక్కేది లేదు అని అర్థం. ఒక్క పెన్నీ కోసం ఇంతమంది ఇన్నాళ్లు నడుస్తారని ఎవరూ అనుకోలేదు. చివరకు పాత ఛార్జీకే బస్సు నడిచింది. ఆ ఏడాదే చట్టం చేసి, కూలీల రవాణా ఖర్చులో కొంత భాగాన్ని యజమానుల దగ్గర సుంకంగా వసూలు చేసే ఏర్పాటును విస్తరించారు. దక్షిణాఫ్రికాలో బస్సు రాయితీకి మూలం ఇక్కడ ఉంది.

ఇది గుర్తుంచుకోవాలి. ఎందుకంటే తరువాత వచ్చిన టాక్సీకి ఈ రాయితీ దక్కలేదు.

చట్టం వదిలిన సందు

1930 నుండే అక్కడ డబ్బు తీసుకుని ప్రయాణికులను ఎక్కించుకోవాలంటే పర్మిట్ కావాలి. నల్లవారికి పర్మిట్ దొరకడం చాలా కష్టం. రైల్వేకూ, బస్సు కంపెనీలకూ పోటీ రాకూడదని ప్రభుత్వం చూసుకునేది. అయినా కొందరు పెద్ద పాత కార్లు కొని, పర్మిట్ ఉన్నా లేకపోయినా నడిపారు.

1977లో కొత్త రోడ్డు రవాణా చట్టం వచ్చింది. అందులో ఒక సందు మిగిలిపోయింది. ఎనిమిది మంది ప్రయాణికులను ఎక్కించుకునే కోంబి వ్యాన్ చట్టం లెక్కలో బస్సు కాదు. కాబట్టి దానికి టాక్సీగా పర్మిట్ అడగవచ్చు. కొద్ది పాటి సొమ్ము కూడబెట్టిన నల్లవారు, గని పని మానేసినవారు, చిన్న కొట్టు నడిపేవారు కోంబిలు కొన్నారు. 1979లో నల్లవారి టాక్సీ యజమానుల సంఘం సబ్టా ఏర్పడింది. బస్సు వెళ్లని సందులోకి టాక్సీ వెళ్లింది. బస్సు లేని వేళలో టాక్సీ దొరికింది. ఇంటి ముందు ఆపింది.

ప్రభుత్వం మొదట దీన్ని అణచాలని చూసింది. తరువాత ఒక్కసారిగా వదిలేసింది. 1988లో రవాణా నియంత్రణలు సడలించే చట్టం వచ్చాక, పదిహేను మంది ప్రయాణికులు, ఒక డ్రైవరు, మొత్తం పదహారు సీట్ల బండి అధికారికంగా టాక్సీ అయింది. కొద్ది ఏళ్లలోనే వేలాది పర్మిట్లు ఇచ్చారు. ఏ దారిలో ఎన్ని బండ్లు అవసరమో లెక్క చూడలేదు. లంచానికి పర్మిట్లు అమ్ముడుపోయాయి.

మన దేశ మోటారు వాహనాల చట్టం కూడా అదే 1988లో వచ్చింది. డ్రైవరు కాక ఆరుగురికి మించి పన్నెండు మంది వరకు ఎక్కే బండిని అది మాక్సీ క్యాబ్ అంటుంది. ఎక్కడైనా చట్టం ముందుగా సీట్లనే లెక్కపెడుతుంది. ఆ సీట్లలో కూర్చునేవారికి వేరే దారి ఉందా అన్నది లెక్కపెట్టదు.

టాక్సీ పదునూ, మొద్దూ

తొంభైల నాటికి టాక్సీ ఆ దేశ నల్లవారి బతుకులో భాగమైపోయింది. దానికంటూ ఒక భాష పుట్టింది. రోడ్డు పక్కన నిలబడి చూపుడువేలు పైకెత్తితే పట్నానికి వెళ్లాలని, కిందికి చూపితే దగ్గరలోనే దిగుతామని అర్థం. లోపల వెనుక వరుసవారు డబ్బు ముందుకు అందిస్తారు, ముందు సీటులో కూర్చున్నవారు లెక్కచూసి చిల్లర వెనక్కి పంపుతారు. వేగంగా పోయే ఒక రకం బండికి జోలా బడ్ అనే పరుగుల రాణి పేరు పెట్టారు. వరుసకు నలుగురు చొప్పున ఇరుక్కుని కూర్చోవాలని ఒక సామెత లాంటి మాటే ఉంది. మన షేర్ ఆటోలో "కొంచెం సర్దుకోండి" అన్నట్టే.

అయితే బండి బాగోగులు ఎవరూ చూడలేదు. యజమాని ఒకడు, డ్రైవరు మరొకడు. రోజుకు లేదా వారానికి ఇంత అని యజమానికి కట్టాలి, మిగిలింది డ్రైవరుది. అందుకే డ్రైవరు ఒక ట్రిప్పు ఎక్కువ వేయాలని చూస్తాడు, ఒక మనిషిని ఎక్కువ ఎక్కిస్తాడు, ఒక మలుపులో తక్కువ బ్రేకు వేస్తాడు. మనం దాన్ని దూకుడు అంటాం. నిజానికి అది లెక్క. ఆ లెక్కలో ప్రయాణికుడి ప్రాణానికి గడి లేదు.

పర్మిట్లు ఎక్కువై దారులు తక్కువ కావడంతో సంఘాల మధ్య పోరు మొదలైంది. స్టాండ్ ఎవరిది, రూట్ ఎవరిది అన్న తగాదాలు తుపాకుల దాకా వెళ్లాయి. వాటిని అక్కడ టాక్సీ యుద్ధాలు అంటారు. డ్రైవర్లు, యజమానులతో పాటు సీట్లో కూర్చున్న ప్రయాణికులూ చనిపోయారు. నియంత్రించవలసిన కొందరు అధికారులకే టాక్సీలు ఉన్నాయన్న ఆరోపణలూ వచ్చాయి. నియమాలు లేకుండా స్వేచ్ఛ ఇచ్చినప్పుడు బలవంతుడే నియమం అవుతాడు.

పాత బండికి 50 వేల రాండ్లు

1994లో అందరికీ ఓటు హక్కు వచ్చింది, మండేలా అధ్యక్షుడయ్యాడు. 1995లో టాక్సీల మీద జాతీయ కార్యదళం ఒకటి వేశారు. అది మరుసటి ఏడాది నివేదిక ఇచ్చింది. సంఘాలను నమోదు చేయాలి, రూట్ల వారీగా లైసెన్సు ఇవ్వాలి, టాక్సీని చట్టబద్ధమైన వ్యాపారంగా నిలబెట్టాలి అన్నది దాని సారం. 2000లో భూరవాణాకు కొత్త చట్టం వచ్చింది. 2001లో సంఘాలన్నింటికీ ఉమ్మడి గొంతుగా శాంటాకో ఏర్పడింది.

పాత బండ్ల స్థానంలో కొత్తవి తెచ్చే పథకాన్ని 1999లోనే ప్రకటించారు. మొదట 18 సీట్లు, 35 సీట్ల కొత్త రకం బండ్లు తయారు చేయించి ఇద్దామనుకున్నారు. యజమానులు ఒప్పుకోలేదు. అంత పెద్ద బండి మా సందుల్లో తిరగదు, అంత అప్పు మేము తీర్చలేము అన్నారు. చర్చలు, సమ్మెలు, వాయిదాలతో ఏళ్లు గడిచాయి. చివరకు ప్రభుత్వం పద్ధతి మార్చింది. బండి మేము ఇవ్వం, మీ పాత బండి తుక్కుకు ఇవ్వండి, డబ్బు ఇస్తాం అంది. 2006 అక్టోబరులో పాత టాక్సీలను నలగ్గొట్టడం మొదలైంది. ఒక్కో బండికి 50 వేల రాండ్లు. ఏడేళ్లకు సుమారు 770 కోట్ల రాండ్ల ఖర్చుగా అంచనా వేశారు.

ఆ డబ్బు పొందాలంటే చెల్లుబాటయ్యే పర్మిట్ ఉండాలి. కొత్తగా కొనే బండి భద్రతా ప్రమాణాలకు సరిపోవాలి. అంటే సీటు బెల్టులు ఉండాలి, బోల్తా పడితే పైకప్పు అణగిపోకుండా ఇనుప చట్రం ఉండాలి, ప్రమాణానికి తగిన బ్రేకులు ఉండాలి, బరువు మోసే టైర్లు ఉండాలి. వ్యాపారం మానేయాలనుకునేవారు ఆ డబ్బు తీసుకుని బయటకు పోవచ్చు.

ఆలోచన మంచిదే. శిక్షతో కాకుండా చేయూతతో మార్పు తేవాలనుకున్నారు. పైగా డబ్బు కోసం వచ్చిన యజమాని తన బండినీ పర్మిట్‌నూ లెక్కల్లో చూపించక తప్పదు. చీకట్లో ఉన్న వ్యాపారం కొంత వెలుగులోకి వచ్చింది. ఏళ్లు గడిచేకొద్దీ 70 వేలకు పైగా పాత బండ్లు తుక్కులోకి పోయాయి. ధరలు పెరిగే కొద్దీ సొమ్మూ పెంచుతూ వచ్చారు. 2019లో పథకాన్ని సవరించినప్పుడు అది 1,24,000 రాండ్లు అయింది.

ఎక్కడ తేడా వచ్చింది

పథకం మొదలై ఇరవై ఏళ్లవుతోంది. అయినా ఆ దేశ రోడ్ల మీద ఇటీవలి సంవత్సరాల్లో ఏటా పన్నెండు వేల మంది వరకు చనిపోతున్నారు. ఇవన్నీ టాక్సీ ప్రమాదాలు కావు. కానీ టాక్సీ ఆ జాబితాలో తరచుగా కనిపిస్తూనే ఉంది. ఎందుకు? మాకు అర్థమైనంత వరకు నాలుగు కారణాలు చెబుతాం.

మొదటిది అప్పు. 50 వేల రాండ్లు కొత్త బండి ధరలో ఒక భాగమే. మిగతాది అప్పు తేవాలి. చేతిలో ఆస్తి లేని మనిషికి బ్యాంకు నమ్మి ఇవ్వదు, ఇచ్చినా వడ్డీ ఎక్కువ. కొత్త బండి వచ్చింది, దానితో పెద్ద వాయిదా వచ్చింది. వాయిదా కట్టడానికి మళ్లీ ఎక్కువ ట్రిప్పులు, ఎక్కువ మనుషులు. మా మేనమామ కొడుకు చెప్పిన మాట ఇక్కడ మాకు మళ్లీ వినిపించింది.

రెండవది డ్రైవరు. ప్రోత్సాహం బండి యజమానికి వెళ్లింది, స్టీరింగ్ పట్టినవాడికి కాదు. 2005లో టాక్సీ కార్మికులకు కనీస వేతనం, పని గంటల నిబంధనలు వచ్చాయి. కాగితం మీద అవి ఉన్నాయి. వసూలు చేసి కట్టే పద్ధతి మాత్రం చాలా చోట్ల అలాగే సాగింది. కొత్త బ్రేకులున్న బండిని పాత భయంతోనే నడిపితే ఏం లాభం?

మూడవది తనిఖీ. ప్రమాణాలు పెట్టారు. అయితే సరుకు రవాణాకు చేసిన వ్యాన్లకు సీట్లు బిగించి టాక్సీలుగా అమ్మిన ఉదంతాలు బయటపడ్డాయి. అలాంటి బండి బోల్తా పడితే సీట్లే ఊడివస్తాయి. ప్రమాణం రాయడం ఒక పని, దాన్ని కాపాడటం మరో పని.

నాలుగవది అన్నింటికంటే పెద్దది. బస్సుకూ రైలుకూ ప్రభుత్వం నడిపే ఖర్చులో ఏటా సాయం చేస్తుంది. టాక్సీకి మాత్రం ఒక్కసారి, పాత బండి చచ్చినప్పుడు డబ్బు ఇస్తుంది. 2020 నాటి జాతీయ సర్వే ప్రకారం ప్రజారవాణా వాడే కుటుంబాల్లో సుమారు 80 శాతం టాక్సీ వాడుతున్నాయి. ఎక్కువమంది పేదలు ఎక్కే బండికే తక్కువ సాయం. 2020 జూన్‌లో కరోనా కాలంలో సీట్లు ఖాళీగా ఉంచి నడపమన్నారు. నష్టానికి ఉపశమనంగా మొత్తం పరిశ్రమకు సుమారు 113 కోట్ల రాండ్లు ఇస్తామన్నారు. అది చాలదని సంఘం తిరస్కరించింది, జొహానెస్‌బర్గ్ ప్రాంతంలో టాక్సీలు ఆగిపోయాయి. ఆ రోజు పనికి వెళ్లలేకపోయింది ఎవరు? మళ్లీ ఆ పేదలే.

ఒక మంచి ప్రయత్నం కూడా చెప్పాలి. 2009లో జొహానెస్‌బర్గ్‌లో రియా వాయా అనే ప్రత్యేక దారి బస్సులు మొదలయ్యాయి. తమ కడుపు కొడతారని టాక్సీవాళ్లు మొదట ఎదిరించారు. చివరకు ఆ దారిలో టాక్సీలు నడిపినవారికే బస్సు కంపెనీలో వాటా ఇచ్చారు. 2011లో వారి వాటాలున్న కంపెనీయే బస్సులు నడపసాగింది. బండిని తీసుకునేటప్పుడు బండివాణ్ణి బయటకు తోసేయకుండా లోపలికి తెచ్చుకున్నారు. కష్టాలు లేవని కాదు. దారి మాత్రం అదే.

పిల్లలను గూర్చి ఒక మాట. 2010 ఆగస్టు 25న కేప్ టౌన్ దగ్గర బ్లాక్‌హీత్‌లో బడి పిల్లలను తీసుకెళుతున్న మినీబస్సు, ఆగి ఉన్న వాహనాల వరుసను దాటుకుని రైలు గేటులోకి దూసుకుపోయింది. పది మంది పిల్లలు చనిపోయారు. 2014 జూలైలో మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర కాపలా లేని రైల్వే గేటు వద్ద బడి బస్సును రైలు ఢీకొట్టింది. దేశాలు వేరు, తల్లుల ఏడుపు ఒకటే. ఉపాధ్యాయులుగా మనం ఈ రెండు పేర్లనూ మరచిపోకూడదు.

మన కొండల వైపు తిరిగి చూస్తే

దక్షిణాఫ్రికా కథలో తెలుగువారు కూడా ఉన్నారు. 1860 నవంబరులో మద్రాసు నుండి డర్బన్‌కు చేరిన తొలి ఓడలో చెరుకు తోటల కూలీలుగా వెళ్లినవారిలో తెలుగువారూ ఉన్నారు. వారి వారసులు 1931లో అక్కడ ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. డర్బన్‌లో భారత సంతతి వారు చిన్న చిన్న బస్సులు నడిపి పేదల రవాణాలో పాలుపంచుకున్నారు. కూలీగా వెళ్లినవాడు బండి యజమాని కావడం, ఆ బండి చుట్టూ ఊరు బతకడం మనకు పరాయి కథ కాదు.

మన ప్రభుత్వాలూ ప్రోత్సాహాలు ఇచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరులో వాహన మిత్ర పథకం మొదలైంది. సొంత ఆటో, టాక్సీ, మాక్సీ క్యాబ్ నడుపుకునేవారికి బీమా, ఫిట్‌నెస్, మరమ్మతుల కోసం ఏడాదికి 10 వేల రూపాయలు ఇచ్చారు. 2025 ఆగస్టు 15 నుండి ఆంధ్రప్రదేశ్‌లో ఆడవారికి బస్సు ప్రయాణం ఉచితమైంది. తెలంగాణలో అది 2023 డిసెంబరులోనే వచ్చింది. బస్సు ఉచితమైతే ఆటోవాళ్లకు గిరాకీ తగ్గుతుందన్న ఆందోళన వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2025 అక్టోబరులో ఆటో డ్రైవర్లకు 15 వేల రూపాయల చొప్పున సాయం ప్రకటించి ఇచ్చారు. పాత బండ్లను తుక్కుకు పంపే జాతీయ విధానం 2021లో వచ్చింది. పాతది తుక్కుకు ఇచ్చి కొత్తది కొంటే రవాణా వాహనాలకు రోడ్డు పన్నులో 15 శాతం వరకు రాయితీ ఉంటుంది.

ఇవి మంచివే. కానీ మా ఊరి నుండి చూస్తే ప్రశ్నలు మిగులుతాయి. ఉచిత బస్సు వచ్చే ఊరికి ఉచితం. బస్సే రాని ఊరి ఆడబిడ్డ జీపుకు డబ్బు ఇచ్చే వెళుతోంది. కొత్త బండి కొన్నవాడికి రాయితీ. మన కుర్రవాళ్లు కొనేది మైదానంలో పదేళ్లు తిరిగిన పాత జీపు. ఆ రాయితీ వాళ్ల గుమ్మం దాకా రాదు. కాగితాలున్నవాడికి సాయం. ఫైనాన్స్ వాడి పేరు మీద, బంధువు పేరు మీద ఉన్న బండిని నడిపేవాడికి ఏ కాగితమూ లేదు. దక్షిణాఫ్రికాలో పర్మిట్ లేనివాడు ఎలా మిగిలిపోయాడో, ఇక్కడా అలాగే మిగిలిపోతాడు.

అందుకే మాకు తోచింది చెబుతున్నాం. సాయం ఇచ్చేటప్పుడు బండి వయసుతో పాటు దారినీ చూడాలి. బస్సు తిరగని ఘాట్ దారిలో నడిచే బండికి ఒక్కసారి ఇచ్చే సొమ్ము కంటే, నెలనెలా నడిపే ఖర్చులో సాయం ఎక్కువ మేలు చేస్తుంది. అప్పుడు పదిమందికే బండి కదులుతుంది. పదిహేడో మనిషి కోసం కాచుకుని ఉండదు. ఒక్కొక్కరూ అప్పుచేసి కొనే బదులు, నాలుగు ఊళ్ల యువకులు సంఘంగా ఏర్పడి ఒక మంచి బండి నడిపితే బ్యాంకూ నమ్ముతుంది, ఊరూ అడగగలుగుతుంది. గ్రామసభలో రోడ్డు గురించి మాట్లాడినట్టే బండి గురించీ మాట్లాడాలి. బ్రేకులు ఎప్పుడు మార్చావు అని ఊరు అడిగితే అది అవమానం కాదు. ఊరు అడగకపోతేనే అవమానం.

తరగతి గదిలో చేయగలిగింది

ఉపాధ్యాయ మిత్రులకు ఒక సూచన. సాంఘిక శాస్త్రంలో దక్షిణాఫ్రికా అనగానే మండేలా, గాంధీ అని చెప్పి ఊరుకుంటాం. ఆ పాఠం చెప్పే రోజు పిల్లలను ఒక పని చేయమనండి. తమ ఊరి నుండి సంతకు ఎంత దూరం, ఏ బండి వెళుతుంది, ఎంత ఛార్జీ, ఎంతమంది ఎక్కుతారు, బండి ఆగిపోయిన రోజు ఏం చేస్తారు అని ఇంట్లో అడిగి రాసుకు రమ్మనండి. అలెగ్జాండ్రా ప్రజలు నడిచిన తొమ్మిది మైళ్లను కిలోమీటర్లలోకి మార్చి, తమ ఊరి దూరంతో పోల్చమనండి. చరిత్ర వారి కాళ్లకు తగులుతుంది. ఆ లెక్కలే రేపు గ్రామసభలో అర్జీకి ఆధారమవుతాయి.

మా మేనమామ కొడుకు ఇప్పుడు జీపు నడపడం లేదు. పట్నంలో మరొకరి బండి నడుపుతున్నాడు. పండక్కి వచ్చినప్పుడు, ఆనాడు కాలు విరిగిన పాప ఇంటికి వెళ్లి వస్తాడు. ఆమె ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. కాలేజీకి వెళ్లేది జీపు మీదే. ఆ జీపు మరొకరిది, దారి అదే, మలుపూ అదే. ఎక్కేటప్పుడు ఆమె ముందుగా చక్రాల వైపు చూస్తుందట. ఆమె చూసినట్టు ప్రభుత్వమూ, బండివాడూ, మనమూ చూడగలిగితే చాలు. బండి ఎక్కడం అన్నది ధైర్యం చేయవలసిన పని కాకూడదు.